శిశు రక్షణకు నర్సింగ్ శిక్షణే మార్గమని చాటిన దుర్గాబాయి

స్వాతంత్ర్య సమరయోధురాలు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. బాల్యవివాహ బంధాన్ని త్యజించి, ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు.

నెల్లూరు మొదలగు తీర జిల్లాలు మద్రాసు ప్రావిన్సులో అంతర్భాగంగా ఉన్న 1937లో ఆమె మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. నిరాధార మహిళలకు విద్యతోపాటు వైద్యశాల, నర్సింగ్ శిక్షణను సభ చేపట్టింది. పోలియో బాధిత బాలలకు ప్రత్యేక చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పింది.

పసిబిడ్డ పాలు తాగలేకపోవడం, డొక్కలు ఎగరేయడం, మూర్ఛ, మగత వంటి ప్రమాద సంకేతాలను తొలుత గుర్తించవలసినది చెంతనున్న నర్సే. వైద్యుడు వచ్చేలోగా శ్వాసమార్గాన్ని సరిచేసి ప్రాణవాయువు అందించవలసినదీ ఆమే. శిక్షణ పొందిన మహిళ తన కుటుంబానికి జీవనాధారం, బిడ్డకు ప్రాణాధారం.

1975లో పద్మవిభూషణ్ పురస్కారం పొందిన దుర్గాబాయి 1981 మే 9న పరమపదించారు.