సూర్యుడిలో దొరికిన మూలకం.. గుంటూరుతో దానికేంటి సంబంధం? జాన్సెన్ జీవిత కథ

శ్రీహరికోటలో రాకెట్ లేస్తుంటే మంటలు చూస్తాం, పొగ చూస్తాం. కంటికి కనిపించకుండా పనిచేసే వాయువు కూడా ఒకటుంది.. అదే హీలియం. ద్రవ ఇంధన ట్యాంకుల్లో ఒత్తిడి పడిపోకుండా చూసేది ఇదే. పక్కనే హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్నా దేనితోనూ కలవదు. శ్రీహరికోటలో ఇంత పనికొస్తున్న ఈ మూలకం జాడ మొదట దొరికింది భూమ్మీద కాదు, సూర్యుడిలో! ఆ కథ మన గుంటూరు మీదుగా నడిచింది. నడిపిన వారిలో ముఖ్యుడు ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియరీ జాన్సెన్.

ఎవరీ జాన్సెన్?

1824లో పారిస్‌లో పుట్టారు. చిన్నప్పటి ప్రమాదంలో కాలు దెబ్బతిని, జీవితాంతం కుంటుతూనే నడిచారు. బ్యాంకులో పనిచేస్తూ చదువుకున్నారు. ఆ కాలుతోనే గ్రహణాల కోసం దేశాలు తిరిగారు.

గుంటూరులో ఏం జరిగింది?

1868 ఆగస్టు 18.. సంపూర్ణ సూర్యగ్రహణం. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును జాన్సెన్ స్పెక్ట్రోస్కోపుతో విడగొట్టి చూశారు. ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. ఇంత వెలుగుంటే గ్రహణం లేకపోయినా చూడొచ్చు కదా అనిపించింది. మర్నాడే ప్రయత్నించారు.. కనిపించాయి!

ఈ సంగతి కాకినాడ నుంచి ఉత్తరం రాశారు. అది పారిస్ చేరేలోపు ఇంగ్లాండ్‌లో నార్మన్ లాకియర్ కూడా అదే పద్ధతి కనిపెట్టేశారు. ఇద్దరి కబురూ ఫ్రెంచ్ అకాడమీకి ఒకే రోజు అందింది. గొడవ జరగాల్సిన చోట ఘనత ఇద్దరికీ దక్కింది. ఇద్దరి బొమ్మలతో ఒకే పతకం వేశారు.

ఆ పసుపు గీత ఎవరిది?

జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత ఉంది. మొదట సోడియం అనుకున్నారు. కానీ గీత కాస్త పక్కకు ఉందని లాకియర్ తేల్చి, కొత్త మూలకానికి హీలియం అని పేరు పెట్టారు. చాలామంది నమ్మలేదు. 1869లో మెండలీవ్ వేసిన ఆవర్తన పట్టికలో దీనికి చోటే లేదు.

జాన్సెన్ మాత్రం ఆగలేదు. 1870లో పారిస్‌ను శత్రుసేనలు చుట్టుముడితే బెలూన్ ఎక్కి బయటపడ్డారు. అల్జీరియా వెళ్తే గ్రహణం రోజు మబ్బులు కమ్మేశాయి! తర్వాత మ్యూడాన్‌లో సూర్యుడి కోసమే అబ్జర్వేటరీ నడిపారు. చివరికి 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి హీలియం తీశారు. 1907లో జాన్సెన్ కన్నుమూశారు. అప్పటికి ఎలక్ట్రాన్ల అమరిక గుట్టు ఇంకా తేలలేదు.

గుట్టంతా బయటి ఎలక్ట్రాన్లలోనే!

పరమాణువు బయటి వరుసలో ఉండేవే వేలెన్సీ ఎలక్ట్రాన్లు. సోడియానికి అక్కడ ఒక్కటే.. దాన్ని వదిలించుకునే తొందరలో ఉంటుంది. నీళ్లలో వేస్తే భగ్గుమంటుంది. లిథియం, పొటాషియానికీ ఒక్కటే, అందుకే అవి సోడియం చుట్టాలు. క్లోరిన్‌కు ఏడు, ఇంకొక్కటి కావాలి. ఒకటి ఇచ్చేది, ఒకటి పుచ్చుకునేది కలిస్తే ఉప్పు. నెల్లూరు జిల్లా ఇస్కపల్లి మడుల్లో పండేది అదే.

మరి హీలియం? ఉన్నవి రెండే. మెగ్నీషియానికీ బయట రెండే, కానీ దాని వరుస నిండలేదు. హీలియం వరుసలో పట్టేదే రెండు కాబట్టి నిండిపోయింది. ఇవ్వదు, పుచ్చుకోదు. అందుకే నియాన్, ఆర్గాన్‌ల కుటుంబంలో చేరింది. వేటితోనూ కలవదు కాబట్టే ఇన్నేళ్లు రసాయన శాస్త్రవేత్తల చేతికి చిక్కలేదు. వెలుగులో సోడియం పక్కనే కనిపించినా, గుణంలో పూర్తిగా వేరు.

2023 సెప్టెంబర్ 2న సూర్యుణ్ని చూసేందుకు ఆదిత్య-ఎల్1 బయల్దేరింది శ్రీహరికోట నుంచే. గ్రహణం కోసం ఎదురుచూడక్కర్లేకుండా అది సూర్యుడి అంచును గమనిస్తోంది. 1868లో గుంటూరులో జాన్సెన్ మొదలుపెట్టింది ఆ పనే.