నాటకాచార్యుడు బేకర్

నాటకాన్ని చదువుట వేరు. నాటకాన్ని నిర్మించుట వేరు. నాటకాలకు వ్యాఖ్యానం చెప్పే పండితులకు ఏ విశ్వవిద్యాలయంలోనూ కొరత లేదు. కాని నాటకం వ్రాయదలచిన విద్యార్థికి కలంతోపాటు రంగస్థలాన్నీ, ప్రేక్షకులనూ సమకూర్చి, ఈ మూడూ కలిసిననాడుగాని నాటకం పూర్తి కాదని నిరూపించిన ఆచార్యులు అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడైన జార్జి పియర్స్ బేకర్. ఆయన ప్రసిద్ధ నటుడు కాడు. గొప్ప నాటకకర్త అంతకంటె కాడు. అయినా ఇరవయ్యవ శతాబ్ది అమెరికన్ నాటకచరిత్రను ఆయన పేరు తలచకుండా వ్రాయుట సాధ్యం కాదు.

బేకర్ 1866వ సంవత్సరం ఏప్రిల్ 4వ తేదీన రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి 1887లో పట్టం పుచ్చుకున్న బేకర్, మరుసటి ఏడే అక్కడ ఆంగ్లశాఖలో ఉపాధ్యాయుడైనారు. తొలుత ఆయన బోధించినది నాటకం కాదు, వాదకళ. ఒక విషయాన్ని ప్రతిపాదించుట, ఆధారాలతో నిలబెట్టుట, ఎదుటివాని వాదంలోని లోపాన్ని పసికట్టుట అనే విద్యలో ఆయన దిట్ట. ఈ విషయంపై ఆయన 1895లో ప్రకటించిన గ్రంథం కళాశాలలలో పాఠ్యగ్రంథమైంది. ఎక్కడ కట్టుబాటు సడలిందో కనిపెట్టగల ఆ చూపే, పిమ్మట విద్యార్థుల నాటకాలను పరిశీలించుటలో ఆయనకు ఉపకరించిందని ఊహించవచ్చు.

వాదకళతోపాటు ప్రాచీన ఆంగ్లనాటక చరిత్ర కూడా బేకర్ బోధించేవారు. ఆ అధ్యయన ఫలంగా 1907లో షేక్స్పియర్ మహాకవి నాటకకర్తగా పరిణతి చెందిన తీరును వివరిస్తూ ఒక గ్రంథం వెలువరించారు. షేక్స్పియర్ ఒక్కసారిగా ఆకాశం నుండి ఊడిపడలేదు. తన నాటి రంగస్థలాన్ని ఎరిగి, తన ఎదుట కూర్చున్న ప్రేక్షకుల నాడి పట్టి, నాటకం వెంట నాటకం వ్రాస్తూ పనితనం నేర్చుకున్నాడు. ఇదీ ఆ గ్రంథ సారాంశం. అంతటి మహాకవియే పని చేస్తూ నేర్చినప్పుడు, నేటి యువకునికి అట్టి పని కల్పించరాదా? ఈ ప్రశ్నయే బేకర్ జీవితాన్ని మలుపు తిప్పింది.

నాటకరచన నేర్పే తరగతిని ఆయన మొదట రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాలలోను, పిమ్మట 1905 ప్రాంతంలో హార్వర్డ్‌లోను ప్రారంభించారు. ఆంగ్లశాఖ పాఠ్యక్రమంలో ఆ తరగతి సంఖ్య 47. ఆ అంకెయే తరువాత నాటకలోకంలో ఒక బిరుదు వలె వ్యాపించింది. కవి పుట్టవలెనే గాని పాఠం చెప్పి తయారు చేయరాదని పలువురు ఆక్షేపించారు. బేకర్ ఆ మాటను కాదనలేదు. ప్రతిభను ఎవ్వరూ దానం చేయలేరని ఆయనకు తెలుసు. కాని ప్రతిభ గలవాడు దారి తెలియక వ్యర్థం చేసుకునే ఏండ్లను గురువు తగ్గించగలడని ఆయన విశ్వాసం. శిల్పికి ఉలి పట్టుట నేర్పినందువల్ల అతని ప్రతిభకు లోటు రాదు గదా!

ఆయన బోధనలో ఒక క్రమం ఉన్నది. మొదట ఒక చిన్నకథను నాటకంగా మార్చవలె. పిమ్మట స్వతంత్రంగా ఏకాంకిక వ్రాయవలె. అటుపై పెద్ద నాటకానికి పూనుకోవలె. అంకాలు వ్రాయుటకు ముందు కథాసంవిధానాన్ని సమగ్రంగా వ్రాసి చూపవలె. విద్యార్థి వ్రాసిన దానిని బేకర్ తామే తరగతిలో చదివేవారు. రచయిత పేరు చెప్పేవారు కారు. తోటివిద్యార్థులు నిర్మొగమాటంగా విమర్శిస్తూంటే, వ్రాసినవాడు వారి నడుమనే కూర్చుని వినేవాడు. క్రియ, పాత్ర, సంభాషణ అనే మూడింటిద్వారా ప్రేక్షకుని హృదయంలో భావోద్రేకం కలిగించుటే నాటకధర్మమని ఆయన బోధ. ఈ పాఠాల సారాన్నే 1919లో నాటకరచనా విధానంపై ప్రకటించిన గ్రంథంలో పొందుపరచారు.

ఈ తరగతి ఫలం లోకానికి త్వరలోనే కనిపించింది. ఎడ్వర్డ్ షెల్డన్ అనే విద్యార్థి వ్రాసిన నాటకాన్ని 1908లో సుప్రసిద్ధ నటి మిన్నీ మాడెర్న్ ఫిస్క్ ప్రదర్శించగా న్యూయార్కు ప్రజలు ఆదరించారు. అప్పటికి షెల్డన్ వయస్సు 22 ఏండ్లు మాత్రమే.

అయినా బేకర్‌కు తృప్తి కలుగలేదు. చదివి వినిపించిన నాటకం సగం నాటకమే. నటుని గొంతులో ఆ మాట ఎట్లు పలుకుతుంది? దీపపు వెలుతురులో ఆ దృశ్యం ఎట్లు ఉంటుంది? ఎక్కడ ప్రేక్షకుడు ఆవులిస్తాడు? ఇవి ప్రదర్శిస్తేగాని తేలవు. అందుకై 1912లో ఆయన 47వ తరగతికి అనుబంధంగా ఒక నాటకప్రయోగశాలను నెలకొల్పారు. రాడ్‌క్లిఫ్ కళాశాలలోని చిన్న రంగస్థలమే దానికి ఆధారం. తెరలు కుట్టుట, రంగులు వేయుట, దీపాలు అమర్చుట, వేషధారణ అన్నీ చేతులతో చేసి నేర్చుకోవలసిన పాఠాలే. అక్కడ టిక్కెట్లు అమ్మలేదు. ఆహ్వానితులే ప్రేక్షకులు. వారికి ఒక్కటే నియమం: నాటకం చూచినవారు తమ అభిప్రాయాన్ని వ్రాసి పంపవలె. పంపనివారికి మరల ఆహ్వానం ఉండదు. ఆ విమర్శలను వ్రాసినవారి పేర్లు తొలగించి రచయిత చేతికిచ్చేవారు. చప్పట్లకు పొంగిపోక, నిందకు క్రుంగిపోక, తన నాటకాన్ని తానే తిరిగి దిద్దుకొనుట ఆ యువరచయిత పని.

ఇట్టి తరగతిలో చేరుటకు 1914వ సంవత్సరం వేసవిలో ఒక యువకుడు బేకర్‌కు లేఖ వ్రాశాడు. ప్రసిద్ధ నటుని కుమారుడు. ఓడలపై కూలిపని చేసినవాడు. క్షయవ్యాధితో ఆరోగ్యాలయంలో ఉండి బయటపడినవాడు. కళాకారుడనైనా కావలె, లేదా ఏమీ కాకపోవలె అనే పట్టుదల గలవాడు. అతడే యూజీన్ ఓనీల్. ఒక్క సంవత్సరం మాత్రమే అతడు బేకర్ వద్ద చదివాడు. సముద్రజీవితంపై అతడు వ్రాసిన ఒక ఏకాంకికను చూచి అది నాటకమే కాదని బేకర్ అన్నట్లు ప్రతీతి. ఆ ఏకాంకికయే 1916లో ప్రావిన్స్‌టౌన్ అనే సముద్రతీర గ్రామంలో ప్రదర్శితమై ఓనీల్ కీర్తికి నాంది పలికింది. గురువు చూపు కూడ ఒక్కొక్కప్పుడు తప్పవచ్చు. కాని ఓనీల్ గురువును తప్పు పట్టలేదు. సంవిధానాన్ని ముందుగా వ్రాసుకొనే అలవాటు అక్కడే అలవడిందనీ, అంతకుమించి తన రచనపై తనకు నమ్మకం కలిగినదనీ తరువాతి కాలంలో కృతజ్ఞతతో స్మరించాడు. ఆ శిష్యునికి 1936లో నోబెల్ బహుమానం లభించింది.

అందరు శిష్యులూ ఒక్క తీరు కారు. థామస్ వుల్ఫ్ 1920 మొదలు మూడేండ్లు బేకర్ వద్ద నాటకరచన అభ్యసించాడు. అతని పెద్ద నాటకాన్ని 1923లో ప్రయోగశాల ప్రదర్శించింది. కాని అతని వాక్ప్రవాహం రంగస్థలపు హద్దులలో ఇమడలేదు. అతడు నవలాకారుడై ప్రసిద్ధి పొందాడు. ఒక నవలలో తన గురువును పోలిన పాత్రను ఎత్తిపొడుపుతో చిత్రించాడు కూడ. ఆ నవల వెలువడేనాటికి బేకర్ జీవించి లేరు. ఇక 1923లో చేరిన హాలీ ఫ్లానగన్, కళాశాలలలో నాటకశిక్షణ నిర్వహించి, 1935లో అమెరికా ప్రభుత్వం నిరుద్యోగులైన నటులకై నెలకొల్పిన జాతీయ నాటకపథకానికి అధినేత్రి అయింది.

ఇంత కీర్తి గడించినా హార్వర్డ్‌లో బేకర్ కోరిక నెరవేరలేదు. నాటకానికి ప్రత్యేక విభాగం కావాలనీ, అన్ని సదుపాయాలు గల నాటకశాల కావాలనీ ఆయన ఎన్నో ఏండ్లు అర్థించారు. అప్పటికే పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ సంస్థలో 1914లో నాటకవిద్యకు పట్టం ఇచ్చే విభాగం వెలసింది. కాని సాహిత్యబోధనకు పేరుమోసిన హార్వర్డ్, రంపమూ రంగుడబ్బా పట్టే విద్యకు పూర్తి స్థానం ఇచ్చుటకు సిద్ధపడలేదు. 1924లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే దాత యేల్ విశ్వవిద్యాలయానికి 10 లక్షల డాలర్లు విరాళమిచ్చి, నాటకవిభాగానికీ నాటకశాలకూ పునాది వేశాడు. యేల్ బేకర్‌ను ఆహ్వానించింది. తాను చదివి, 36 ఏండ్లు బోధించిన చోటును 58వ ఏట విడిచిపోవుట తేలిక కాదు. అయినా స్థానం కంటె ఆశయమే ఆయనకు ప్రధానమైంది.

1925లో యేల్‌లో పని ఆరంభమైంది. 1926 డిసెంబరులో అక్కడి విశ్వవిద్యాలయ నాటకశాల తెర లేచింది. రచన, దర్శకత్వం, దృశ్యాలంకరణ, దీపాల అమరిక వేర్వేరు విద్యలుగా, ఒకే కప్పు క్రింద బోధింపబడినాయి. ఆయన వద్ద చదివిన మోరీన్ వాట్కిన్స్ వ్రాసిన షికాగో అనే నాటకం ఆ డిసెంబరు చివరనే న్యూయార్కులో ప్రదర్శితమైంది. 1933లో బేకర్ విశ్రాంతి తీసుకున్నారు. 1935 జనవరి 6వ తేదీన న్యూయార్కు నగరంలో కన్నుమూశారు.

ఆయన యేల్‌లో నాటిన విభాగం 1955లో స్వతంత్ర పాఠశాల అయింది; 2021లో 15 కోట్ల డాలర్ల విరాళం లభించగా విద్యార్థులకు జీతాలు లేకుండా చదువు చెప్పే స్థితికి వచ్చింది. హార్వర్డ్‌లో తగిన నాటకశాల 1960లో, అంటే బేకర్ మరణించిన పాతికేండ్లకు, వెలసింది. నాటకం ప్రధాన పాఠ్యవిషయంగా అక్కడ చదువుకొనే అవకాశం 2015లోగాని కలుగలేదు. ఆయన అడిగినది అత్యాశ కాదని కాలమే తీర్పు చెప్పింది.

నేడు విశాఖపట్టణంలోను, హైదరాబాదులోను మన విశ్వవిద్యాలయాలలో నాటకకళకు విభాగాలున్నాయి. ప్రతి పాఠశాలలోను వార్షికోత్సవానికి ఏదో ఒక నాటిక ఆడుతూనే ఉంటారు. తెర దించగానే ఆ నాటికను మరచిపోకుండా, చూచినవారి చేత అభిప్రాయం వ్రాయించి, దానిని పిల్లలతో చర్చించి, మరల దిద్ది ఆడించగల ఉపాధ్యాయుడు ఎక్కడ ఉంటే అక్కడ బేకర్ తరగతి జరుగుతున్నట్లే. దానికి పది లక్షల డాలర్లు అక్కరలేదు. శిష్యుని రచనను ఓపికతో వినగల గురువు ఉంటే చాలు.