స్వామి జ్ఞానానందులు – సృష్టివిచారము

ఖిల్లా ఘణపురపు కోటనెక్కి చుట్టును పరికించువానికి రెండు కాలములు ఒక్కచోటనే గోచరించును. మొదటిది మానవుల కాలము. గోన గణపరెడ్డి 13వ శతాబ్దమున నీ దుర్గమును నిర్మించి, తన ప్రభువగు కాకతీయ గణపతిదేవుని పేర వెలయించెనని ప్రసిద్ధి. రెండవది శిలల కాలము. ఈ ప్రాంతపు గ్రానైటు రాళ్లలో పెక్కు సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట గట్టిపడినవని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

కోట వయస్సును చరిత్ర చెప్పును. రాతి వయస్సును చెప్పిన వారెవరు? రాతిలోని పరమాణువులే. యురేనియము నియమితమైన వేగముతో క్రమక్రమముగా సీసముగా మారుచుండును. మిగిలిన యురేనియమెంతయో, పుట్టిన సీసమెంతయో కొలిచినచో ఆ రాయి యేనాటిదో తెలియును. ఇట్టి పరమాణుగర్భ రహస్యములను శోధించుటకై కమండలము పట్టిన చేతితో కొలతపరికరమును పట్టిన తెలుగు సన్న్యాసి చరిత్రమును చదువరుల కిట విన్నవించుచున్నాము.

వారి పూర్వాశ్రమనామము భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896వ సంవత్సరమున భీమవరము చెంత గొరగనమూడి గ్రామమున జన్మించిరి. యౌవనముననే సత్యాన్వేషణమునకై యిల్లు విడిచి, హిమవత్ప్రాంతములకేగి, పెక్కేండ్లు యోగసాధన మొనర్చిరి. సన్న్యాసనామము జ్ఞానానందస్వామి. తమ సాధనఫలమును పూర్ణసూత్రములను గ్రంథముగా రచించి, 1920 దశకపు తుదిభాగమున జర్మనీదేశమునకు వెళ్లిరి.

అప్పటికి వారి వయస్సు ముప్పది దాటినది. చేత స్వీయగ్రంథము కలదు. గురువని భావించి వినవచ్చు విదేశీయులును కలరు. అట్టివారికి ఉపన్యాసములతో కాలము గడపుట సుకరము. అయినను ఐన్‌స్టైను సాపేక్షసిద్ధాంతము వారి చిత్తమును లాగెను. అది తెలియవలెనన్న గణితము కావలయును. గణితము ధ్యానమున దొరకునది కాదు, కూర్చుండి నేర్వవలసినది. స్వామి గురుపీఠమును విడిచి విద్యార్థి బల్లపై కూర్చుండిరి. డ్రెస్డెను నగరమున గణిత భౌతికశాస్త్రములు చదివి, ప్రాగు నగరపు చార్లెసు విశ్వవిద్యాలయమున ఎక్సురే వర్ణపటములను కొలుచుటయందు పరిశోధన సలిపి, 1936లో, నలుబదియేండ్ల ప్రాయమున, డాక్టరు పట్టము పడసిరి.

అనంతరము లివర్‌పూలునకు పోయి జేమ్సు చాడ్విక్కు నొద్ద పనిచేసిరి. ఈ చాడ్విక్కు 1932లో న్యూట్రానును కనుగొన్న మహాశయుడు. న్యూట్రానునకును సృష్ట్యాదికిని గల సంబంధము గమనింపదగినది. సుమారు 1380 కోట్ల సంవత్సరముల క్రిందట విశ్వము అత్యుష్ణస్థితి నుండి వ్యాకోచింపసాగిన తొలి కొలది నిమిషములలో న్యూట్రానులు ప్రోటానులతో కలిసి హీలియము నేర్పరచినవి. అప్పటి సామాన్యపదార్థమున బరువునుబట్టి నాలుగవపాలు హీలియమాయెను. నక్షత్రములందు నేడు కొలుచు పాళ్లు ఈ లెక్కతో సరిపోవుచున్నవి.

స్వామి చాడ్విక్కు నొద్ద బీటాకిరణముల శక్తిని కొలుచు పనియం దారితేరిరి. పిమ్మట అమెరికాలో మిచిగను విశ్వవిద్యాలయమునను పరిశోధన మొనర్చి, స్వదేశమునకు మరలివచ్చి, జాతీయ భౌతిక ప్రయోగశాలయందు పనిచేసిరి. 1954లో విశాఖపట్టణపు ఆంధ్ర విశ్వకళాపరిషత్తును చేరి, అచ్చట అణుభౌతికశాస్త్రశాఖను పెంపొందించిరి. 1969లో దేహము చాలించిరి. అచ్చటి అణుపరిశోధన ప్రయోగశాలలు వారి పేరనే వెలసియున్నవి. ఆచార్యపదవియం దున్నను సన్న్యాసమును విడువలేదు. సన్న్యాసియయ్యు కొలతను విడువలేదు.

ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? మన పెద్దలలో కొందరొక లెక్క చూపుచుందురు. బ్రహ్మకు పగలొకటి మనకు 432 కోట్ల సంవత్సరములు. భూమి వయస్సు శాస్త్రము ప్రకారము 454 కోట్లు. కావున మన ఋషులు సర్వమును ముందే యెరిగిరని వారు సంతసింతురు. విచారించి చూతము. ఆ 432 కోట్లు యుగప్రమాణములను వేయింతలు చేయగా వచ్చినవి. ఈ 454 కోట్లు సీసమును కొలువగా వచ్చినవి. దారులు వేరు, వస్తువులును వేరు. దగ్గరపడిన రెండంకెలు సాక్ష్యము కానేరవు.

మరియు నిందొక అపాయము గలదు. 1862లో కెల్విన్ ప్రభువు భూమి చల్లారిన వేగమునుబట్టి దాని వయస్సు 2 కోట్ల నుండి 40 కోట్ల సంవత్సరములలోపని గణించెను. రేడియోధార్మికత యప్పటికి తెలియదు. 1956లో ప్యాటర్సను సీసపుపాళ్లనుబట్టి 455 కోట్లని తేల్చెను. కెల్విన్ లెక్కకు దైవభక్తిని ముడివేసినవాని గతి యేమగును? అంకె మారిననాడు భక్తియు కూలును. శాస్త్రము తన తప్పును తానే దిద్దుకొనుచు వృద్ధిపొందును; దాని నేటి నిర్ణయమును దేవునికి స్తంభముగా నిలుపుట భక్తికిని మేలుకాదు, శాస్త్రమునకును మేలుకాదు.

స్వామికి సూత్రములు వ్రాయు శక్తి కలదు. అయినను పరమాణువును గూర్చి తెలియగోరినపుడు ఆ సూత్రములను ప్రమాణముగా చేకొనక, పరికరము ముందు శిష్యుడై నిలిచిరి. అట్లని పరికరమున కందనిదంతయు మిథ్యయనియు తలపక, తాము పూనిన దీక్షను తుదిదాక పాటించిరి. ఇదియే నిజమైన సమన్వయము. రెండు విద్యలను కలగాపులగము చేయుట సమన్వయము కాదు; రెండింటియందును అబద్ధమాడకుండుటయే సమన్వయము.

మన యిండ్లలోని చదువుకొను బాలురు ఈ రాళ్ల వయస్సు నడుగుదురు. అపుడు పురాణమును చూపి వారి నోరు మూయింపరాదు. దేవుని తలంపు మూఢతయని వెక్కిరింపను రాదు. కొలిచి తెలిసినదానిని తెలిసినట్లు చెప్పుదము. ఈ సమస్తమును ఏల కలిగెనను ప్రశ్న యెదుట వారితోకూడ వినయముతో నిలుతము. ఘణపురపు రాయి 250 కోట్ల యేండ్లదని యెరిగినవాని ప్రార్థన, ఎరుగనివాని ప్రార్థనకంటె చిన్నది కానక్కరలేదు.