వాహినీ బి.ఎన్.రెడ్డి: సీమ పల్లె నుంచి ఫాల్కే పురస్కారం దాకా

నందికొట్కూరు: టూరింగు టాకీసు డేరా కింద ఇసుకలో కూర్చుని బొమ్మ చూసిన కాలంలో, ఇంటిల్లిపాదినీ బండి కట్టి పంపడానికి పెద్దలు జంకని సినిమాలు కొన్ని ఉండేవి. 'వాహినీ' వారి చిత్రాలు వాటిలో ముందువరుసలో నిలిచేవి. ఆ సంస్థకు ప్రాణం పోసిన బి.ఎన్.రెడ్డి మన పొరుగు కడప జిల్లా బిడ్డ.

పూర్తి పేరు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. 1908 నవంబరు 16న పులివెందుల తాలూకా కొత్తపల్లిలో రైతు కుటుంబంలో జన్మించారు. ఆ కుటుంబానికి మద్రాసు నుంచి బర్మాకు ఉల్లిగడ్డలు ఎగుమతి చేసే వ్యాపారం ఉండేది. తమ్ముళ్ళలో నాగిరెడ్డి వ్యాపారదక్షుడు. కొండారెడ్డి కెమెరా పట్టారు. అన్నకు మాత్రం మనసంతా కథల మీదే.

సంస్థ పుట్టుక

తొలుత హెచ్.ఎం.రెడ్డి తీసిన 'గృహలక్ష్మి' (1938) నిర్మాణంలో పాలుపంచుకున్నారు. తరువాత తాడిపత్రికి చెందిన మూలా నారాయణస్వామితో కలిసి వాహినీ సంస్థను నెలకొల్పారు. కె.వి.రెడ్డి, చిత్తూరు నాగయ్య, సముద్రాల, రామ్‌నాథ్, శేఖర్ వంటి ఉద్దండులు అక్కడ ఒక ఇంటివారిలా పనిచేశారు.

పౌరాణికాలకే జనం ఎగబడే రోజులవి. అయినా బి.ఎన్. మన ఇళ్ళలోని బాధలనే తెరకెక్కించారు. 'వందేమాతరం' (1939)లో చదివినా ఉద్యోగం దొరకని యువకుడి పాట్లు, అత్తింట కోడలి కష్టాలు చూపారు. 'సుమంగళి' (1940)లో వితంతు వివాహాన్ని సమర్థించారు. 'దేవత' (1941)లో ఇంటి పనిపిల్లకు జరిగిన అన్యాయాన్ని ఎత్తిచూపారు. పెద్దలకు రుచించని సంగతులను ఆ పెద్దల చేతనే కూర్చోబెట్టి చూపించడం ఆయన నేర్పు.

అన్న దారి, తమ్ముడి దారి

1948 నాటికి మద్రాసు వడపళనిలో వాహినీ స్టూడియో వెలసింది. ఆర్థిక చిక్కులు వచ్చిపడడంతో కొంతకాలానికే దాని నిర్వహణ తమ్ముడు నాగిరెడ్డి చేతికి మారింది. చక్రపాణితో కలిసి ఆయన స్థాపించిన విజయా సంస్థ పేరు జతపడి, అది విజయా-వాహినీ స్టూడియోగా పేరుకెక్కింది.

1951లో అన్నదమ్ముల దారులు తేటతెల్లమయ్యాయి. ఆ ఏడు విజయా వారి 'పాతాళభైరవి' ఊరూరా కాసుల వాన కురిపించింది. ఏడాది చివర, డిసెంబరులో, అన్నగారి 'మల్లీశ్వరి' వచ్చింది. రెండింటిలోనూ కథానాయకుడు ఎన్.టి.రామారావే. రాయలవారి కాలంలో ఒక పల్లె పిల్ల, శిల్పి అయిన ఆమె బావ, తల్లి ధనాశ, అంతఃపురానికి తీసుకుపోయే పల్లకి, ఇంతే కథ. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలకు సాలూరి రాజేశ్వరరావు బాణీలు కట్టారు. ఖర్చుకూ, పట్టిన కాలానికీ లెక్క చూడలేదు. డబ్బు విషయంలో తమ్ముడి చిత్రానిదే పైచేయి. అయినా తెలుగువారి గొప్ప చిత్రాల మాట వస్తే 'మల్లీశ్వరి' పేరు చెప్పకుండా ముగియదు.

లాభం చూసి కూడా ఆయన పంథా మార్చుకోలేదు. 1955లో వచ్చిన 'బంగారుపాప'లో కసాయి గుండెను ఒక పసిబిడ్డ కరిగిస్తుంది. ఆంగ్ల రచయిత్రి జార్జి ఇలియట్ నవల దానికి ఆధారం. 1966 నాటి 'రంగులరాట్నం'లో పల్లె విడిచి పట్నం చేరిన కుటుంబం కనిపిస్తుంది. అక్కడ ఎన్నికల్లో సొంత అన్నదమ్ములే ఎదురుబొదురుగా నిలబడతారు. పార్టీల గొడవలతో ఇళ్ళు చీలిన సీమ పల్లెలకు ఆ కథ కొత్తగా చెప్పవలసిన పని లేదు. ఆ చిత్రంతోనే చంద్రమోహన్ తెరకు పరిచయమయ్యారు.

1969లో వచ్చిన 'బంగారు పంజరం' ఆయన చివరి చిత్రం. ముప్పై ఏళ్ళలో దర్శకత్వం వహించినవి 11 మాత్రమే. 1974లో పద్మభూషణ్ లభించింది. ఆ సంవత్సరానికే దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వరించింది. దక్షిణాదిలో ఆ గౌరవం అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. 1986 సంవత్సరానికి తమ్ముడు నాగిరెడ్డికీ అదే పురస్కారం దక్కింది. అప్పటికి అన్నగారు లేరు. 1977 నవంబరు 8న మద్రాసులో కన్నుమూశారు.

వడపళనిలో ఆ స్టూడియో ఇప్పుడు లేదు. టూరింగు టాకీసుల డేరాలూ లేవు. కానీ పండుగ నాడు టీవీలో 'మల్లీశ్వరి' వస్తే, అవ్వ మొదలు మనవరాలి దాకా కలిసి చూడడానికి నేటికీ ఎవరూ సంకోచించరు.