మోటా భాషలో నడిచిన బడి

మా ఇంట్లో అమ్మవైపు తెలుగు, నాన్నవైపు కన్నడం. చదువు మాత్రం ఇంగ్లీషులో. అందుకేనేమో జాన్ కోల్‌రిడ్జ్ పాటిసన్ జీవితంలో నాకు భాషల సంగతే ఎక్కువ పట్టింది.

ఆయన 1827లో లండన్‌లో పుట్టారు. తండ్రి జడ్జి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, పాదిరీ అయి, 1855లో పసిఫిక్ వైపు బయల్దేరారు. 1861లో మెలనీషియాకి మొదటి బిషప్. అక్కడ ఒక్కో దీవిదీ ఒక్కో భాష. ఆయన ఇరవైకి పైగా నేర్చేసుకున్నారు! ఓడలో దీవులన్నీ తిరిగి, కుర్రాళ్లని తీసుకొచ్చి చదువు చెప్పేవారు. 1867లో ఆ బడిని న్యూజీలాండ్ నుంచి నార్‌ఫోక్ అనే చిన్న దీవికి మార్చారు. పాఠాలు మోటా అనే మరో బుల్లి దీవి భాషలో. మిగతా దీవుల పిల్లలకి అదీ పరాయిదే కదా అనిపించింది నాకు. కానీ ఇంగ్లీషు కన్నా వాళ్ల మాటలకి దగ్గరిదే.

అదే కాలంలో క్వీన్స్‌లాండ్, ఫిజీ తోటలకి కూలీల్ని మోసం చేసి, ఒక్కోసారి బలవంతంగా ఎక్కించుకుపోయే ఓడలు తిరిగేవి. వాటిని అదుపు చెయ్యాలని పాటిసన్ రాశారు. అయితే ఒడ్డున ఉన్నవాళ్లకి ఏ ఓడ ఎవరిదో ఎలా తెలుస్తుంది? 1871 సెప్టెంబర్ 20న నుకాపు దీవిలో ఒంటరిగా దిగిన ఆయన్ని చంపేశారు. శవం మీద అయిదు ముడులు వేసిన ఆకు దొరికింది. ఓడవాళ్లు ఎత్తుకుపోయిన అయిదుగురికి అది గుర్తని చాలామంది అనుకున్నారు. ఆయన శిష్యుడు స్టీఫెన్ తరోనియారా కూడా బాణాల గాయాలతో పోయాడు. అతని గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు, నాకది నచ్చలేదు.

మరుసటి ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు ఈ అపహరణలపై చట్టం చేసింది. నార్‌ఫోక్ బడిలో మోటా పాఠాలు ఆయన పోయాక కూడా చాలా ఏళ్లు సాగాయి.