వేడిని జయించిన యంత్రశిల్పి విల్హెల్మ్ మైబాఖ్

మోటారు వాహనాల చరిత్రలో వేగాన్ని గురించి చెప్పినంతగా వేడిని గురించి చెప్పరు. ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో కొంత భాగమే చక్రాలకు చేరుతుంది. మిగిలినది వేడిగా బయటికి పోవలసిందే. దానికి దారి చూపకపోతే సిలిండరులో పిస్టను బిగుసుకుపోతుంది. తొలితరం కార్లను వేధించిన ఈ చిక్కును విప్పిన ప్రతిభాశాలి జర్మనీ దేశస్థుడు విల్హెల్మ్ మైబాఖ్. మన పత్రికలు మేబాక్ అని రాసే పేరు ఇదే.

ఆయన 1846 ఫిబ్రవరి 9న హైల్‌బ్రోన్ పట్టణంలో ఒక వడ్రంగి ఇంట జన్మించారు. పదేళ్ల ప్రాయానికే తల్లిదండ్రులిద్దరూ గతించారు. రాయిట్లింగెన్‌లో గుస్టావ్ వెర్నర్ నడిపిన ఆశ్రమం ఆ బాలుణ్ణి చేరదీసి యంత్రాల చిత్రరచన నేర్పింది. ఆశ్రమపు యంత్రశాలకు అధికారిగా వచ్చిన గోట్లీబ్ డైమ్లర్ అతని ప్రతిభను గుర్తించారు. అప్పటినుంచి డైమ్లర్ ఎక్కడ ఉంటే మైబాఖ్ అక్కడే. 1882లో కాన్‌స్టాట్ చేరి, డైమ్లర్ ఇంటి తోటలోని చిన్న కార్యశాలలో ఇద్దరూ తేలికైన, వేగవంతమైన పెట్రోలు ఇంజనును రూపొందించారు.

ఇంజను బలపడినకొద్దీ వేడి పెరిగింది. ఆనాటి పద్ధతి సిలిండరు చుట్టూ నీటిని మరగనిచ్చి ఆవిరిగా పోనివ్వడం. తరిగిన నీటిని దారిలో మళ్లీ పోసుకోవాలి. 1889 నాటి బండిలో మైబాఖ్ చట్రపు గొట్టాలలోనే నీటిని ప్రవహింపజేశారు. తెలివైన ఉపాయమే గాని పెద్ద ఇంజనుకు చాలదు. 1897లో అనేక సన్నని గొట్టాల గుండా గాలి సాగే రేడియేటరును, దానికి తోడుగా పంకాను రూపొందించారు.

1900 మార్చి విషాదాల మాసం. ఆ నెల 6న డైమ్లర్ కన్నుమూశారు. నెలాఖరున ఫ్రాన్సులోని నీస్ వద్ద లా టుర్బీ కొండదారి పందెంలో డైమ్లర్ కారు ప్రమాదానికి గురై, చోదకుడు విల్హెల్మ్ బావర్ మరణించారు. ఎత్తుగా, బరువుగా ఉండే ఆ కార్లకు భిన్నంగా తక్కువ ఎత్తుగల శక్తిమంతమైన కారు కావాలని వ్యాపారి ఎమిల్ యెలినెక్ పట్టుబట్టారు. సహచరుణ్ణి కోల్పోయిన మైబాఖ్ ఆ భారాన్ని స్వీకరించారు.

ఆ కారులో ఆయన అమర్చినదే తేనెపట్టు రేడియేటరు. ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్ల చదరపు నోరుగల 8,070 చిన్న గొట్టాలను పక్కపక్కనే అతికించారు. గొట్టాలలో గాలి, వాటి మధ్య సందులలో నీరు. కుండలోని అన్నం కన్నా పళ్లెంలో పరచిన అన్నం త్వరగా చల్లారుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు, సూత్రం అదే. 35 అశ్వశక్తి గల ఇంజనుకు మునుపటిలో సగం, అంటే 9 లీటర్ల నీరే సరిపోయింది.

కారు పరుగెత్తుతుంటే ఎదురుగాలి చాలు. కొండ ఎక్కేటప్పుడో, నెమ్మదిగా కదిలేటప్పుడో గాలి చాలదు. అందుకే రేడియేటరు వెనుక చిన్న పంకా పెట్టారు. అయితే ఇంజనుతో తిరిగే పంకాకు ఒక లోపం ఉంది: ఇంజను మందగిస్తే అదీ మందగిస్తుంది, అంటే గాలి అత్యవసరమైనప్పుడే గాలి తగ్గుతుంది. పాతకాలపు వేగవంతమైన కార్లు రద్దీలో నిలిచి ఆవిరి చిమ్మడానికి ఇదొక కారణం. విద్యుత్తుతో తిరిగే పంకాలు వచ్చాకగాని ఆ ఇబ్బంది చాలావరకు తీరలేదు.

యెలినెక్ తన కుమార్తె పేరుతో మెర్సిడెస్ అని పిలిచిన ఆ కారు 1901 మార్చిలో నీస్ పందేలలో విజయం సాధించింది. బావర్ ప్రాణం తీసిన లా టుర్బీ దారిలోనూ అదే గెలిచింది.

ఇంతటి గెలుపు తెచ్చిన మనిషికి సంస్థలో తగిన గౌరవం మిగలలేదు. 1907లో ఆయన వైదొలగి, 1909లో కౌంట్ జెప్పెలిన్ తోడ్పాటుతో, కుమారుడు కార్ల్‌తో కలిసి గగననౌకల ఇంజన్ల తయారీ ప్రారంభించారు. 1929 డిసెంబరు 29న మరణించిన ఆయనను కాన్‌స్టాట్‌లో, డైమ్లర్ ఉన్న శ్మశానవాటికలోనే ఖననం చేశారు.