కర్నల్ మెకంజీ క్షేత్ర సంచారము

దక్షిణాపథమున గుడియో కోటయో లేని కొండ అరుదు. శ్రీశైలము, పెనుగొండ, గండికోట, కొండవీడు, చిత్రదుర్గము, హంపి అను పేర్లు వినినంతనే ఒక్కొక్క రాజ్యము అనుభవించిన వైభవమును, పిదప పొందిన పతనమును మనకు స్ఫురణకు వచ్చును. రాజులు గతించిరి, రాళ్లు మిగిలెను. ఆ గుడి కట్టించిన వారెవరు, దానికి మాన్యములిచ్చిన వారెవరు, ఆ కోట ఎవరి కాలమున కూలెను అను వృత్తాంతములు మాత్రము కరణముల కవిలెలలోను, అర్చకుల తాటియాకు పుస్తకములలోను, ముదుసలుల జ్ఞాపకములలోను చెదరియుండెను. 18వ శతాబ్ది చివరినాటి యుద్ధములలో ఊళ్లు పాడై, కుటుంబములు వలసపోయి, అవియు నశించు స్థితికి వచ్చెను. అట్టి సమయమున వానిని వెదకించి వ్రాయించినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. ఆయన పరదేశీయుడు, ఈస్టిండియా కంపెనీ కొలువులోని సైనికోద్యోగి. ఆయన చేసిన పని యెట్టిదో, అందు తెలుగువారి పాలు ఎంతయో తెలిసికొనదగియున్నది.

మెకంజీ 1754లో స్కాట్లండు దేశమునకు పడమటనున్న లూయిస్ ద్వీపమున స్టోర్నవే అను రేవుపట్టణమున జన్మించెను. యౌవనమున ఆ రేవునందే సుంకపు అధికారిగా పనిచేసెను. గణితమునందు ఆయనకు మక్కువ మెండు. సంవర్గమానములను కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితమును వ్రాయదలచిన నేపియర్ ప్రభువునకు, హిందువుల గణితవిద్యను గూర్చిన సంగతులు కావలసివచ్చెను. ఆ ప్రభువుతో కలిగిన పరిచయమే మెకంజీ దృష్టిని భారతదేశము వైపు మరల్చెను. 1783లో ఆయన చెన్నపట్టణమున దిగి, కంపెనీ సైన్యమున చేరెను. తొలినాళ్లలో నేపియర్ ప్రభువు కుమార్తె ఉండిన మధురకు పోయి, అచటి పండితులతో పరిచయము చేసికొనెను. ఈ దేశపు ప్రాచీన విద్యలను, చరిత్రమును తెలిసికొనవలెనను కోరిక అచటనే బలపడెను.

అయినను కోరిక వేరు, కొలువు వేరు. తరువాతి పదుమూడేండ్లు ఆయనకు యుద్ధములతోను, కొలతపనులతోను గడచిపోయెను. నెల్లూరు, గుంటూరు సీమలలో బాటలను కొలిచెను. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున పాల్గొనెను. 1792లో సంధి జరిగిన పిమ్మట, నిజాము రాజ్యమున ఉండిన కంపెనీ సైన్యమునకు ఇంజనీరుగాను, సర్వేయరుగాను నియమితుడై, ఆ సీమల పటములు వ్రాయు పనికి పూనుకొనెను. ఈ పనిలోనే 1794లో ఆయన నల్లమల అడవులు దాటి శ్రీశైలము చేరెను.

శ్రీశైలము ద్వాదశ జ్యోతిర్లింగములలో ఒకటి. వీరశైవ పంచపీఠములలో సూర్యసింహాసనమునకు స్థానము. అక్కమహాదేవి శివైక్యము పొందిన కదళీవనమునకు ఆశ్రయము. ఇట్టి క్షేత్రమున అడుగిడిన మెకంజీ భక్తుడుగా కాక, కొలతగాడుగా చూచెను. అయినను ఆ చూపునందు నిర్లక్ష్యము లేదు. ఆలయమును చుట్టియున్న ప్రాకారము 660 అడుగుల పొడవు, 510 అడుగుల వెడల్పు గలదని లెక్కవేసెను. ఆ ప్రాకారపు రాళ్లపై చెక్కియున్న ఏనుగులను, గుఱ్ఱములను, వేటలను, ఊరేగింపులను, శివలీలలను వరుసవెంట వరుసగా పరిశీలించి వర్ణించెను. గర్భగృహపు చీకటిలో మల్లికార్జున లింగమును, మెరుగుపెట్టిన ఇత్తడి అద్దమునుండి ప్రతిఫలించు వెలుగులో యాత్రికులకు చూపు పద్ధతిని దినచర్యలో వ్రాసికొనెను. చంద్రావతి కథను విని లిఖించెను. ఆ అడవులలో నివసించు చెంచుల జీవనమును గూర్చియు వ్రాసెను. ఈ వృత్తాంతము 1798లో కలకత్తాలోని ఏసియాటిక్ సొసైటీవారి పరిశోధన సంపుటమున ప్రకటితమయ్యెను. శ్రీశైల శిల్పములను గూర్చి అచ్చులో వెలువడిన తొలి వర్ణనలలో ఇది ఒకటి.

కాని ఈ రచనయందే ఆయన పనికి గల లోపమును తెలియుచున్నది. మెకంజీకి ఈ దేశభాషలలో ఒక్కటియు రాదు. గోడ పొడవును ఆయన తానే కొలువగలడు. ఆ గోడపైని శాసనమును తానుగా చదువలేడు. శిల్పము ఎట్లున్నదో చెప్పగలడు; అది ఏ కథయో మరియొకరు చెప్పవలెను. ఆ చెప్పువారు ఎంతవరకు చెప్పిరో, దుబాసీ ఎంతవరకు మార్చెనో తెలిసికొను దారి లేదు. భారతదేశమున గడపిన మొదటి పదుమూడేండ్లలో చరిత్రపరిశోధనమున తనకు కలిగిన లాభము స్వల్పమని ఆయనయే తరువాతి కాలమున ఒక జాబులో ఒప్పుకొనెను.

1796లో సింహళము నుండి తిరిగివచ్చిన పిదప ఆయనకు కావలి వేంకట బొర్రయ్య తోడయ్యెను. బొర్రయ్య 1776లో ఏలూరున జన్మించిన తెలుగు బ్రాహ్మణుడు. అప్పటికి ఇరువదేండ్ల ప్రాయము. సంస్కృతము, తెలుగు, తమిళము, కన్నడము, ఇంగ్లీషు నేర్చినవాడు. భాషలకంటెను అతనికి గల మంచితనము పనికి మిక్కిలి ఉపకరించెను. దొర గొలుసుతో కొలువవచ్చెననిన ఊరివారు శిస్తు పెంచుటకే అని జంకుట సహజము. పుస్తకము చూపుమనిన అర్చకుడు దానిని ఎత్తుకొనిపోవుదురేమోయని దాచుకొనుటయు సహజమే. బొర్రయ్య వారి భాషలో మాటలాడి, వారి మర్యాదను కాపాడి, భయము పోగొట్టి సంగతులు రాబట్టెను. హళగన్నడ శాసనములను చదువు నేర్పును సంపాదించెను. భారతీయ విజ్ఞానద్వారమున తన తొలియడుగు బొర్రయ్య పరిచయముతోనే పడినదని మెకంజీ భావించెను.

బొర్రయ్య మెకంజీని చేరిన కొలదికాలమునకే, 1797 ప్రాంతమున, కృష్ణాతీరమున అమరావతిలో ఒక విచిత్రమైన సంగతి బయటపడెను. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన నివాసమును పంచారామములలో ఒకటియైన అమరేశ్వరాలయము చెంతకు మార్చి క్రొత్త పట్టణమును కట్టించుచుండెను. ఇటుకలకును, రాళ్లకును దాపుననున్న దీపాలదిన్నె అను మిట్టను త్రవ్వగా, అద్భుత శిల్పములతో నిండిన పాలరాతివంటి ఫలకములు బయల్పడెను. ఆ వార్త విని మెకంజీ అచటికి పోయి చూచెను. అప్పటికి ఆ మిట్ట చాలవరకు నిలిచియేయుండెను. కాని సర్వే పనుల ఒత్తిడిచేత ఆయన అచట నిలువలేకపోయెను. 1816లో చిత్రకారులతో మరల వచ్చునప్పటికి, మిట్ట నడుమ కోనేటికై గొయ్యి త్రవ్వబడియుండెను. ఫలకములు కొన్ని కట్టడములలో చేరెను, కొన్ని పగిలెను. మిగిలినవానిని కొలిపించి, ఒక్కొక్క ఫలకమునకు శ్రద్ధతో చిత్రములు వ్రాయించెను. అది బౌద్ధస్తూపమని ఆయన గుర్తింపలేదు, జైనులదని తలచెను. ఊహ తప్పినను చిత్రము తప్పలేదు. పిదప నశించిన అనేక శిల్పముల ఆకారము నేడు ఆ చిత్రములవలననే తెలియుచున్నది. కళ్లయెదుట ఒక మహాకట్టడము కరిగిపోయిన ఈ ఉదంతమే, చూచినది చూచినప్పుడే వ్రాసికొనవలెనను పాఠమును చరిత్రకారులకు నేర్పుచున్నది.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయెను. ఆ ముట్టడిలో మెకంజీ ఇంజనీరుగా పనిచేసెను. ఆ సంవత్సరమే ఆయన చేయించిన హంపీ శిథిలముల పటము, విజయనగరమునకు మనకు తెలిసిన తొలి సర్వే పటము. విరూపాక్షుని కోవెలయు, తుంగభద్రకు ఆవలనున్న ఆనెగొందియు, నడుమనున్న గుండ్లగుట్టలును అందు గుర్తింపబడెను. పిమ్మట మైసూరు రాజ్యమునంతయు కొలుచు భారము ఆయనపై పడెను. సుమారు 40,000 చదరపు మైళ్ల సీమ. దాదాపు పదేండ్ల పని. సర్వేయరు దూరపు గుఱుతులను చూచి కోణములు కొలుచుటకు ఎత్తైన శిఖరములెక్కవలెను. మన దేశమున శిఖరమెక్కినవానికి ఎదురగునది గుడియో, కోటయో. నందికొండ దిగువను భోగనందీశ్వరుడు, శిఖరమున యోగనందీశ్వరుడు. చిత్రదుర్గపు ఏడుచుట్ల కోట నడుమ హిడింబేశ్వరుడు. పనియే ఆయనను క్షేత్రములకు కొనిపోయెను. పొలిమేరలతోపాటు శాసనములును, వీరగల్లులును, మాస్తికల్లులును లెక్కకెక్కెను. అంతకు పూర్వము ఆ స్మారకశిలలను చరిత్రకు సాక్ష్యములుగా తలచిన తెల్లవారు అరుదు. ఈ సర్వే ఫలితము పటములతోకూడ ఏడు సంపుటములుగా సిద్ధమయ్యెను.

ఈ పని నడుచుచుండగనే 1803లో బొర్రయ్య చెన్నపట్టణమున ఇరువదియేడవ యేట మరణించెను. అతడు సేకరించి యనువదించిన జైనమత వృత్తాంతము 1807లో ఏసియాటిక్ సొసైటీ సంపుటమున అతని పేరుతోనే వెలువడెను. తమ్ముడు లక్ష్మయ్య అన్న స్థానమున నిలిచి, మెకంజీ జీవితాంతము ఆ పనిని నడపెను. మహాబలిపురమును గూర్చి లక్ష్మయ్య 1803లో తెలుగున వ్రాసిన వృత్తాంతము ప్రసిద్ధము. మరియొక సోదరుడు రామస్వామి ఇంగ్లీషున దక్షిణదేశపు కవుల చరిత్రమును 1829లో ప్రకటించెను. వీరుగాక నారాయణరావు మొదలగువారు దత్తమండలములలో ఊరూర తిరిగి వృత్తాంతములు వ్రాసికొనిరి. ఊరికి ఆ పేరెట్లు వచ్చెను, అడవి కొట్టి ఊరు కట్టినవారెవరు, చెఱువు త్రవ్వించినవారెవరు, దేవరకు మాన్యమెంత, కరణపు మిరాసీ ఎవరిది, ఏ ప్రభుత్వమున ఏ మార్పు కలిగెను అను ప్రశ్నలకు ఊరివారు చెప్పిన జవాబులే నేడు మనము చదువు కైఫియతులు. ఎండలో, వానలో, అడవిజ్వరముల నడుమ వారు తిరిగిన శ్రమ ఆ పత్రములలో ఎచటను వ్రాయబడలేదు. ఈ సేకరణకైన వ్యయమును మెకంజీ చాలవరకు తన జీతమునుండియే భరించెను.

1810లో ఆయన చెన్నరాజధానికి సర్వేయరు జనరల్ అయ్యెను. జావా దండయాత్రకు పోయి రెండేండ్లు అచట నుండెను. 1812 జనవరిలో ప్రంబనాన్ శివాలయ శిథిలములను దర్శించెను. 1815లో భారతదేశమునకంతకు తొలి సర్వేయరు జనరల్‌గా నియమింపబడెను. 1816లో థామస్ హికీ వ్రాసిన ఆయన చిత్రపటము లండనులో నేటికిని కలదు. అందు ఆయన ఒంటరిగా లేడు. ప్రక్కను ముగ్గురు భారతీయులు నిలిచియున్నారు; ఒకని చేత తాటియాకులు, ఒకని చేత దుర్భిణి కలవు. వెనుక కొండపై గోమఠేశ్వర విగ్రహము కానవచ్చును. 1817లో కలకత్తాకు పోవునప్పుడు లక్ష్మయ్యను, మరికొందరు పండితులను వెంట తీసికొనిపోయెను. పత్రములనన్నిటిని క్రమపరచి గ్రంథము వ్రాయవలెనని ఆయన యాశ. అది నెరవేరకయే 1821 మే 8న, ఆరోగ్యము చెడి హుగ్లీనదిపై పయనించుచు కన్నుమూసెను. వచ్చిన నాటి నుండి ముప్పదియెనిమిదేండ్లు. ఒక్కమారైనను స్వదేశమును చూడలేదు.

ఆయన సంచయమును కంపెనీ 10,000 పౌనులకు కొనెను. హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన జాబితా ప్రకారము అందు 1,568 సాహిత్య గ్రంథములు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 2,630 చిత్రములు, 6,218 నాణెములు కలవు. బసవపురాణము, ప్రభులింగలీల మొదలగు వీరశైవ గ్రంథముల ప్రతులును ఆ సంచయమున చేరెను. ఆ జాబితావలననే మన సంప్రదాయపు సాహిత్యమును గూర్చి బయటి విద్వాంసులకు తొలి పరిచయము కలిగెను. విల్సనుకు దక్షిణదేశపు భాషలు రావు. ఆ జాబితా కూర్చుటయందును మెకంజీ చేరదీసిన పండితులే ఆధారము.

ఆగిన సేకరణమును తాను కొనసాగింతునని లక్ష్మయ్య 1830ల నాటికి ప్రభుత్వమును కోరెను. ముప్పదియేండ్లకు పైబడిన అనుభవము గలవాడైనను, పనిని నడుపు యోగ్యత అతనికి చాలదని జేమ్స్ ప్రిన్సెప్ అభిప్రాయము వ్రాయగా, ఆ కోరిక నిరాకరింపబడెను. ఆ పని విలియం టైలర్ అను మతాచార్యునికి ఒప్పగింపబడెను. పత్రములు తెచ్చినవానికి పత్రములపై అధికారము లేకపోయెను. చెన్నపట్టణమునకు తిరిగివచ్చిన కైఫియతులు సిరా మాసి, కాగితము చివికి నశింపనుండగా, సి.పి. బ్రౌన్ వానికి నకళ్లు వ్రాయించి కాపాడెను. నేడు మూలప్రతులు చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున, చిత్రములును ఇంగ్లీషు అనువాదములును లండనున కలవు. కడప జిల్లా కైఫియతులను ఆ నగరమందలి బ్రౌన్ గ్రంథాలయమువారు సంపుటములుగా ముద్రించిరి.

మెకంజీ పటములు కంపెనీవారి పరిపాలనకును, శిస్తు వసూలునకును ఉపకరించినమాట నిజము. కైఫియతులలో విన్నమాటలును, ఊరివారి స్వోత్కర్షలును కలసియున్నమాటయు నిజము. అయినను శాసనముతోను, నాణెముతోను పోల్చి చదువువానికి అవి అమూల్యములు. అనేక గ్రామముల గుళ్లకు, చెఱువులకు, కులవృత్తులకు సంబంధించి మరియొక వ్రాతయాధారము లేదు.

శ్రీశైల ప్రాకారమును కొలిచినది మెకంజీ. రాతికి వెనుకనున్న మాటను వినిపించినవారు బొర్రయ్య, లక్ష్మయ్య, వారి తోడివారు, వారడిగినప్పుడు నమ్మి చెప్పిన వేలకొలది గ్రామస్థులు. నేడు క్షేత్రదర్శనమునకు పోవువారు కొండయెక్కి, దేవుని దర్శించి, ప్రాకారపు శిల్పములను చూచి మరలుదురు. ఆ ఊరి కైఫియతును ఒక్కమారు చదివి పోయినవారికి, పాడుపడిన మండపమును, పేరు తెలియని వీరగల్లును సయితము తమ పూర్వుల వాకిలిగా కనిపించును.